ఒకే డిగ్రీలో ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్: నాలుగేళ్లకు ప్రణాళిక ఎలా?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ దగ్గర పడిన కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో బ్రాంచీ ఎంపికకు సంబంధించినవే ఎక్కువగా ఉంటున్నాయి. వాటిలో నాలుగింటికి ఈసారి సమాధానం ఇస్తున్నాం. మొదటి ప్రశ్న చాలామందికి ఉన్నదే కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాం.

ప్రశ్న: నేను ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాను. సర్క్యూట్లన్నా, మోటార్లన్నా నాకు మొదటి నుంచీ ఇష్టం. సెలవుల్లో పైథాన్ నేర్చుకున్న తరువాత ప్రోగ్రామింగ్ కూడా అంతే నచ్చింది. నాకు వచ్చిన ర్యాంకుకు మంచి పేరున్న కళాశాలలో ఈసీఈ గానీ ఈఈఈ గానీ దొరుకుతుంది. సీఎస్‌ఈ కావాలంటే ఇటీవలే పెట్టిన కళాశాలలో చేరాలి. నాన్నగారు సీఎస్‌ఈ తప్ప మరేదీ వద్దంటున్నారు. రెండింటినీ కలిపి చదివే మార్గం ఉందా? — ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మార్గం ఉంది, అది నిబంధనల్లోనే ఉంది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు (పాఠాలు, ల్యాబ్‌ల గంటలను బట్టి చదువును లెక్కించే కొలత). అంతకు మించి మరో 18 నుంచి 20 క్రెడిట్లు వేరొక శాఖలో చదివిన విద్యార్థికి ఆ శాఖలో మైనర్ (ప్రధాన డిగ్రీకి తోడుగా వచ్చే అదనపు అర్హత) ఇచ్చే పద్ధతి అప్పటి నుంచి విశ్వవిద్యాలయాల నిబంధనల్లోకి వచ్చింది. అంటే ఈసీఈ లేదా ఈఈఈలో బీటెక్ చేస్తూనే కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ పూర్తి చేయవచ్చు. ఇది కాక, ఎలక్ట్రానిక్స్ అండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్ వంటి మిశ్రమ బ్రాంచీలు కొన్ని కళాశాలల్లో ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో మైనర్‌తో పాటు డబుల్ మేజర్ (రెండు ప్రధాన శాఖలు కలిపి చదవడం) చేసే వీలుంది. బిట్స్ హైదరాబాద్ ప్రాంగణంలో ఎమ్మెస్సీలో చేరిన విద్యార్థికి మొదటి సంవత్సరం సీజీపీఏను బట్టి రెండో డిగ్రీగా బీఈ కేటాయిస్తారు. అయితే మీ ముందున్నది ఎప్‌సెట్ సీటు గనుక దాని గురించే వివరంగా చెబుతాను.

మీరు రాసిన వివరాలను బట్టి నా సలహా ఇది. మంచి కళాశాలలోని ఈసీఈ లేదా ఈఈఈ తీసుకోండి, కంప్యూటర్ సైన్స్‌ను దానికి జోడించుకోండి. కారణం ఏమిటంటే, ఈ రెండు చదువుల్లో ఒకదానికి ప్రయోగశాల తప్పనిసరి, రెండోదానికి అంతగా అవసరం లేదు. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ వంటివి ఒక మామూలు ల్యాప్‌టాప్, మంచి పాఠ్యపుస్తకం, క్రమం తప్పని సాధన ఉంటే కళాశాల బయట కూడా గట్టిగా నేర్చుకోవచ్చు. విద్యుత్ యంత్రాల ల్యాబ్, ఆసిలోస్కోప్, చిప్ డిజైన్‌కు వాడే ఖరీదైన సాఫ్ట్‌వేర్, వాటిని దగ్గరుండి నేర్పే అధ్యాపకులు మాత్రం ఇంట్లో దొరకరు. కాబట్టి కళాశాల ఇవ్వగలిగిన దాన్ని కళాశాలలో తీసుకుని, సొంతంగా సంపాదించుకోగలిగిన దాన్ని పక్కన పెంచుకోవడం మేలు. సీఎస్‌ఈలో చేరి ఆ తరువాత ఇంజనీరింగ్ వైపు రావడం ఇంతకంటే చాలా కష్టం. మీకు సర్క్యూట్ల మీద ఇష్టం లేకుండా ర్యాంకు కారణంగానే ఈసీఈ వైపు చూస్తున్నట్లయితే నా సలహా వేరుగా ఉండేది. ఇష్టం లేని శాఖలో 160 క్రెడిట్లు మోస్తూ, ఇష్టమైన దానికి 18 క్రెడిట్లు మాత్రమే కేటాయించడం ఎవరికీ మంచిది కాదు.

ఇక ప్రణాళిక. కంప్యూటర్ సైన్స్ అనగానే చాలామంది ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడమే అనుకుంటారు. ఆ శాఖకు వెన్నెముక వంటివి ఏడు సబ్జెక్టులు: డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, డేటా స్ట్రక్చర్స్, ఆల్గారిథమ్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, కంప్యూటర్ నెట్‌వర్క్స్. వీటికి ఒక వరుస ఉంది. డేటా స్ట్రక్చర్స్ రాకుండా ఆల్గారిథమ్స్ ఎక్కవు. ప్రాసెసర్ లోపల ఏం జరుగుతుందో తెలియకుండా ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివితే బట్టీ పట్టడమే మిగులుతుంది. మైనర్ చాలా చోట్ల రెండో సంవత్సరం చివర గానీ మూడో సంవత్సరం మొదట గానీ ప్రారంభమవుతుంది. అప్పటిదాకా ఆగితే ఈ వరుసంతా చివరి రెండేళ్లలో ఇరుక్కుపోతుంది, ప్రాంగణ నియామకాలు ఫైనలియర్ మొదట్లోనే మొదలవుతాయి గనుక అప్పటికి మీ చేతిలో సగం చదువే ఉంటుంది.

అందువల్ల మైనర్ మొదలయ్యే లోపే పునాది మీరే వేసుకోవాలి. మొదటి సంవత్సరంలో సీ భాషను, లీనియర్ ఆల్జీబ్రాను నిర్లక్ష్యం చేయకండి. చాలామంది ఈ రెండింటినీ పాసైతే చాలని వదిలేస్తారు, తరువాతి మూడేళ్లూ వాటి అవసరం పడుతూనే ఉంటుంది. మొదటి సంవత్సరం వేసవి సెలవులు పూర్తిగా డేటా స్ట్రక్చర్స్‌కు ఇవ్వండి. లింక్డ్ లిస్ట్, ట్రీ, హ్యాష్ టేబుల్ వంటివి లైబ్రరీల సాయం లేకుండా మీ చేత్తో రాయగలగాలి. టూ-వన్‌లో (రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో) డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ చదవండి, అది ఈసీఈ, ఈఈఈ పాఠ్యాంశాల్లో సాధారణంగా ఉండదు కాబట్టి మీరే పూనుకోవాలి. టూ-టూలో ఆల్గారిథమ్స్. కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో సగం మీ సొంత బ్రాంచీలోని డిజిటల్ లాజిక్, మైక్రోప్రాసెసర్ల పాఠాల్లోనే వస్తుంది గనుక ఆ భాగానికి మళ్లీ శ్రమ అక్కర్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేస్‌లను మూడో సంవత్సరం నుంచి మైనర్ సబ్జెక్టులుగా తీసుకుంటే సరిగ్గా సరిపోతుంది.

భారం ఎంత పడుతుందో కూడా ముందే లెక్క వేసుకోండి. 160 క్రెడిట్లను ఎనిమిది సెమిస్టర్లకు పంచితే సెమిస్టర్‌కు 20. వారానికి మూడు గంటల పాఠానికి 3 క్రెడిట్లు, మూడు గంటల ల్యాబ్‌కు 1.5 క్రెడిట్లు. అంటే మైనర్ కోసం సెమిస్టర్‌కు ఒక సబ్జెక్టు, ఒక ల్యాబ్ చొప్పున చేస్తే నాలుగు సెమిస్టర్లలో 18 క్రెడిట్లు పూర్తవుతాయి. తరగతి గదిలోనే వారానికి ఆరు గంటలు అదనం, ఇంటి దగ్గర చదువు దానికి పైన. రోజూ బస్సులో మూడు, నాలుగు గంటలు ప్రయాణించే వారికి ఇది చాలా కష్టం. వీలైతే హాస్టల్‌లో ఉండే ఏర్పాటు గురించి ఇంట్లో ఇప్పుడే మాట్లాడండి.

రెండు శాఖలు ఎక్కడ కలుస్తాయో ఒక ఉదాహరణ చూపుతాను. మీకు మోటార్లంటే ఇష్టమన్నారు గనుక అదే తీసుకుందాం. ఒక చిన్న డీసీ మోటారు వేగాన్ని మైక్రోకంట్రోలర్‌తో అదుపు చేస్తున్నారనుకోండి. ప్రతి మిల్లీసెకనుకు ఒకసారి వేగాన్ని కొలిచి, కావలసిన వేగంతో పోల్చి, ఆ తేడాను బట్టి వోల్టేజీని మార్చాలి. కంట్రోల్ సిస్టమ్స్ పాఠంలో లెక్క కట్టిన విలువలు పెట్టినా మోటారు నిలకడగా తిరగకుండా ఊగిసలాడుతుంది. ఈఈఈ మాత్రమే చదివిన విద్యార్థి లెక్కను మళ్లీ మళ్లీ సరిచూస్తాడు, అందులో తప్పు కనపడదు. సీఎస్‌ఈ మాత్రమే చదివిన విద్యార్థి ప్రోగ్రామును సరిచూస్తాడు, అందులోనూ తప్పు కనపడదు. అసలు కారణం వేరే. అదే ప్రాసెసర్ మీద నడుస్తున్న మరో పని, ఉదాహరణకు తెర మీద అంకెలు చూపించే పని, మధ్యలో దూరి, కంట్రోల్ పనిని 5 మిల్లీసెకన్లు వెనక్కి నెడుతోంది. ఆ కంట్రోల్ లూప్ సెకనుకు 20 ఆవర్తనాల దగ్గర పనిచేసేలా రూపొందించి ఉంటే, ఈ 5 మిల్లీసెకన్ల ఆలస్యం (ఒక పూర్తి ఆవర్తనాన్ని 360 డిగ్రీలుగా లెక్కిస్తే) 36 డిగ్రీల ఫేజ్‌ను తినేస్తుంది. డిజైన్‌లో స్థిరత్వం కోసం ఉంచుకున్న ఫేజ్ మార్జిన్ సాధారణంగా 45 నుంచి 60 డిగ్రీలే కాబట్టి ఊగిసలాట మొదలవడంలో ఆశ్చర్యం లేదు. ఏ పనికి ముందు అవకాశం ఇవ్వాలన్నది ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం, ఫేజ్ ఎంత పోయిందన్నది కంట్రోల్ సిస్టమ్స్ పాఠం. ఈ రెండు పాఠాలనూ ఒకే సమస్య మీద ప్రయోగించగలిగినవారి కోసమే ఎలక్ట్రిక్ వాహనాలు, డ్రోన్లు, వైద్య పరికరాలు, చిప్ డిజైన్ రంగాలు చూస్తుంటాయి. మీ ఫైనలియర్ ప్రాజెక్టును ఇటువంటి సమస్య మీదనే చేయండి, బయట డబ్బిచ్చి కొనుక్కునే ప్రాజెక్టుల జోలికి దయచేసి వెళ్లవద్దు. మీరు నాలుగేళ్లలో రెండు శాఖలను నిజంగా కలిపారనడానికి ఆ ప్రాజెక్టే నిదర్శనం అవుతుంది.

ఈసీఈనా, ఈఈఈనా అంటే, చిప్పులు, సిగ్నల్స్, కమ్యూనికేషన్ల వైపు మనసుంటే ఈసీఈ, యంత్రాలు, పవర్ ఎలక్ట్రానిక్స్, గ్రిడ్ వైపు ఉంటే ఈఈఈ తీసుకోండి. కంప్యూటర్ సైన్స్‌కు ఈసీఈ కొంత దగ్గర. ప్రాంగణ నియామకాలకు వచ్చే కొన్ని కంపెనీలు సీఎస్‌ఈ, ఐటీ, ఈసీఈ వారిని మాత్రమే పిలుస్తాయన్న సంగతి కూడా దృష్టిలో పెట్టుకోండి.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఆ కళాశాలకు ఒకసారి మీరూ, నాన్నగారూ కలిసి వెళ్లండి. మైనర్ ఉందని బ్రోచర్‌లో రాయడం వేరు, దాన్ని నిజంగా నడపడం వేరు. ప్రస్తుతం మూడో సంవత్సరంలో ఎంతమంది కంప్యూటర్ సైన్స్ మైనర్ చేస్తున్నారో, తరగతులు ఏ వేళల్లో జరుగుతాయో, చేరడానికి ఎంత సీజీపీఏ కావాలో, బ్యాక్‌లాగ్ (పాస్ కాకుండా మిగిలిన సబ్జెక్టు) ఉంటే అనుమతిస్తారో లేదో, అదనపు రుసుము ఎంతో విభాగాధిపతినే అడగండి. వీలైతే ఆ విద్యార్థులతో మాట్లాడండి. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలు సొంత సిలబస్ రూపొందించుకుంటాయి గనుక వాటి సిలబస్ పుస్తకాన్ని వెబ్‌సైట్ నుంచి దించుకుని ఎనిమిది సెమిస్టర్లూ చదవండి. న్యాక్ గుర్తింపు కళాశాల మొత్తానికి సంబంధించినది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచీకి విడిగా ఇచ్చేది. మీరు చేరబోయే బ్రాంచీకి ఎన్‌బీఏ ఉందో లేదో చూసుకోండి. చేరిన తరువాత బ్రాంచీ మార్చుకోవచ్చులే అన్న ఆశతో మాత్రం ఆప్షన్లు పెట్టవద్దు. అదే కళాశాలలో ఖాళీలుంటే ఇంటర్నల్ స్లైడింగ్‌లో అవకాశం రావచ్చు, అంతే.

మీ నాన్నగారి ఆందోళన అకారణమైనది కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో సీఎస్‌ఈ పేరుకు మొదటి పిలుపు దక్కే మాట నిజం. ఆయనకు రెండు విషయాలు చెప్పండి. గేట్‌లో కంప్యూటర్ సైన్స్ పేపరును ఏ ఇంజనీరింగ్ బ్రాంచీ వారైనా రాయవచ్చు, 2021 నుంచి ఒకే ఏడాది రెండు పేపర్లు రాసే వీలు, మూడో సంవత్సరంలోనే రాసే వీలు కూడా వచ్చాయి. కాబట్టి ఎంటెక్ స్థాయిలో కంప్యూటర్ సైన్స్ వైపు మారే తలుపు మూసుకుపోదు. రెండోది, ప్రభుత్వ రంగంలో ట్రాన్స్‌కో, జెన్‌కో వంటి సంస్థల ఇంజనీరు ఉద్యోగాలకు సంబంధిత శాఖలో ప్రధాన డిగ్రీ ఉండాలి. మైనర్‌ను అక్కడ ప్రధాన అర్హతగా లెక్కించరు. ఈఈఈ డిగ్రీతో ఆ అవకాశం మీకు ఉంటుంది, సీఎస్‌ఈ డిగ్రీతో ఉండదు. మిశ్రమ బ్రాంచీల్లో చేరేవారు సైతం ఈ అర్హత విషయాన్ని నోటిఫికేషన్లు చూసి జాగ్రత్తగా గమనించుకోవాలి.

ప్రశ్న: ఈసీఈ టూ-టూ చదువుతున్నాను. ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉంది. కంప్యూటర్ సైన్స్ కోసం మైనర్‌లో చేరాలా, ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ చేయాలా, ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు సరిపోతాయా? — ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ముందు బ్యాక్‌లాగ్ పూర్తి చేయండి. మిగిలినవన్నీ దాని తరువాతే. మైనర్ నిబంధనల్లో సాధారణంగా బ్యాక్‌లాగ్ ఉండకూడదన్న షరతు ఉంటుంది, ప్రధాన డిగ్రీ కుంటుపడితే మైనర్‌కు విలువ లేదు.

ఐఐటీ మద్రాస్ బీఎస్ డేటా సైన్స్ కోర్సుకు జేఈఈ ర్యాంకు అక్కర్లేదు, వారి అర్హత ప్రక్రియలో నెగ్గితే చాలు. పాఠాలు ఆన్‌లైన్‌లో ఉన్నా పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాలి. ఒక రెగ్యులర్ డిగ్రీతో పాటు మరో ఆన్‌లైన్ డిగ్రీ చేయడానికి యూజీసీ 2022 ఏప్రిల్‌లో అనుమతించింది కాబట్టి నిబంధనల ఇబ్బంది లేదు. కానీ పూర్తి బీఎస్ 142 క్రెడిట్లు. మీ బీటెక్‌కు అది దాదాపు మరో బీటెక్ అంత బరువు, ఒక బ్యాక్‌లాగ్‌తో ఉన్న విద్యార్థికి దాన్ని నేను సిఫారసు చేయలేను. ఆ కోర్సులో ఫౌండేషన్, డిప్లొమా దశల్లోనే సర్టిఫికెట్‌తో బయటికి వచ్చే వీలుంది. అక్కడి వరకే లక్ష్యం పెట్టుకుంటే ఆలోచించవచ్చు. ఒక మాట గమనించండి: అది ప్రధానంగా డేటా సైన్స్ చదువు, మొదటి జవాబులో చెప్పిన ఏడు సబ్జెక్టులకూ అది ప్రత్యామ్నాయం కాదు.

మీ కళాశాలలో మైనర్ తరగతులు సక్రమంగా జరుగుతుంటే అదే మేలు. జరగకపోతే ఎన్‌పీటీఈఎల్‌లో సెమిస్టర్‌కు ఒక 12 వారాల కోర్సు చొప్పున తీసుకోండి. అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం మార్కులుంటాయి గనుక వీడియోలు చూసి వదిలేస్తే కుదరదు. ఆ క్రెడిట్లను మీ విశ్వవిద్యాలయం మైనర్ కింద బదలాయిస్తుందా లేదా అన్నది నమోదు చేసుకునే ముందే కళాశాల పరీక్షల విభాగం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

ప్రశ్న: నేను మెకానికల్ చదువుతున్నాను. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే మెకానికల్‌లోనే ఉపయోగపడుతుందా, లేక సాఫ్ట్‌వేర్‌కు మారిపోవడానికేనా? — ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మెకానికల్‌లోనే నిండుగా ఉపయోగపడుతుంది. మీ సొంత సబ్జెక్టులోని సమస్యతోనే ప్రోగ్రామింగ్ మొదలుపెట్టండి. ఒక లోహపు కడ్డీలో వేడి ఎలా ప్రవహిస్తుందో పైథాన్‌లో లెక్కకట్టే చిన్న ప్రోగ్రామ్ రాయండి. కడ్డీని ముక్కలుగా విభజించి, ప్రతి క్షణం ఒక్కో ముక్క ఉష్ణోగ్రతను పక్క ముక్కలను బట్టి మార్చుకుంటూ పోవాలి. కాలపు అడుగును ఒక హద్దు దాటి పెంచితే ఉష్ణోగ్రతలు అర్థం లేని అంకెలుగా పేలిపోతాయి. ఉష్ణ విసరణ గుణకాన్ని కాలపు అడుగుతో గుణించి, ముక్క పొడవు వర్గంతో భాగిస్తే వచ్చే విలువ సగానికి మించకూడదన్నదే ఆ హద్దు. దాన్ని మీ కళ్లతో చూసిన తరువాత, ల్యాబ్‌లో వాడే ఆన్సిస్ వంటి సిమ్యులేషన్ ప్యాకేజీ ఇచ్చిన జవాబును ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో మీకు తెలుస్తుంది. రోబోటిక్స్ మీద ఆసక్తి ఉంటే లీనియర్ ఆల్జీబ్రా, సీ ప్లస్ ప్లస్, డేటా స్ట్రక్చర్స్ ఈ మూడింటి మీద పట్టు సాధించండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి పన్నెండో గ్రేడ్‌కు వస్తోంది. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ రెండూ కావాలంటోంది. డబుల్ మేజర్‌కు దరఖాస్తు చేయించమంటారా? — ఒక తండ్రి, టెక్సస్

జవాబు: డబుల్ మేజర్ కంటే ముందు కంప్యూటర్ ఇంజనీరింగ్ లేదా ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్ అన్న మేజర్లను పరిశీలించండి. మీ అమ్మాయి కోరుకుంటున్న కలయిక చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ ఒక్క డిగ్రీలోనే ఉంటుంది, రెండు మేజర్ల తప్పనిసరి కోర్సులు పూర్తి చేసే క్రమంలో అదనపు సెమిస్టర్లు, వాటి ఫీజులు మీద పడవు. బర్క్‌లీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్సెస్ రెండూ కలిపిన డిగ్రీ ఇంజనీరింగ్ కళాశాలలోనే ఉంది, మొదటి రెండేళ్లలోనే ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, కంప్యూటర్ నిర్మాణం, సర్క్యూట్లు అన్నీ చెబుతారు.

మీ రాష్ట్రం సంగతి ప్రత్యేకంగా గమనించాలి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్ కాక్రెల్ ఇంజనీరింగ్ కళాశాల కింద ఉంది, కంప్యూటర్ సైన్స్ ఆ కళాశాలలో భాగం కాదు. కాబట్టి ఒక దానిలో చేరి రెండో దానికి మారాలంటే కళాశాల మారినట్లే. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు మొదటి సంవత్సరం జనరల్ ఇంజనీరింగ్‌లో ఉండి, ఆ ఏడాది మార్కులను బట్టి మేజర్‌ను పొందుతారు. కంప్యూటర్ సైన్స్‌కు అక్కడ గట్టి పోటీ ఉంటుంది గనుక మొదటి సెమిస్టర్ నుంచే కాలిక్యులస్, ఫిజిక్స్‌లలో ఉన్నత శ్రేణి తెచ్చుకోవాలి. అమెరికాలో చాలా చోట్ల చేరిన తరువాత కంప్యూటర్ సైన్స్‌లోకి మారడం కష్టమే. కాబట్టి దరఖాస్తులో మొదటి ఎంపికగా ఏ మేజర్ రాస్తున్నారన్నది ఆలోచించి నిర్ణయించాలి.

పన్నెండో గ్రేడ్‌లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే చదివే కళాశాల స్థాయి కోర్సులు) కింద కాలిక్యులస్ బీసీ, ఫిజిక్స్ సీ తీసుకునే వీలుంటే తప్పక తీసుకోమనండి. వాటి క్రెడిట్లను విశ్వవిద్యాలయం అంగీకరిస్తే మొదటి ఏడాదిలో చోటు మిగులుతుంది, ఆ చోటులో డేటా స్ట్రక్చర్స్ కోర్సును ముందుకు జరుపుకోవచ్చు. ఆ తరువాత కూడా ఆమెకు డబుల్ మేజర్ కావాలనిపిస్తే, రెండో సెమిస్టర్ చివర అకడమిక్ అడ్వైజర్‌తో కూర్చుని ఎనిమిది సెమిస్టర్ల పట్టిక వేయించి, అందులో ప్రతి కోర్సుకూ ముందు ఏ కోర్సు పూర్తయి ఉండాలో సరిచూసుకున్నాకే నిర్ణయం తీసుకోమనండి.